ఫర్నేస్ చల్లగాలి కొడుతోందా? మా తమ్ముడడిగిన ప్రశ్నే మిమ్మల్నీ అడుగుతా

“ఫర్నేస్ చల్లగాలి కొడుతోంది, టెక్నీషియన్ రేపు సాయంత్రం గానీ రాడట, ఇంట్లో ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్న ఉన్నారు, ఈలోగా మేమే ఏమన్నా చూసుకోవచ్చా” అని అడిగారు. చూసుకోవచ్చు. ఆ ‘ఊరి నుంచి వచ్చిన అమ్మ’ వేషం నేనూ ఒకసారి వేశాను కాబట్టి రాస్తున్నా. మాది కర్నూలు. 31 ఏళ్లు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. గొప్ప కోసం చెప్పుకోవడం కాదు. ఆ రాత్రి ఆ చదువు నాకు చింతాకంత కూడా అక్కరకు రాలేదు, అదీ సంగతి.

రెండేళ్ల కిందట మా అమ్మాయి పురిటికని మిషిగన్ వెళ్లాను. డెట్రాయిట్ పక్కన ఊరు. ఫర్నేస్ అనే మాట అప్పుడే విన్నా. మాకు తెలిసింది కొలిమి. మే నెలలో 44 డిగ్రీలు కాసే ఊళ్లో, రాత్రి పది దాటినా గోడకు వీపు ఆనించలేని ఇళ్లలో పుట్టి పెరిగిన దానికి, ఇంటిని వేడి చేయడానికి ఒక యంత్రం ఉంటుందంటేనే వింత. తీరా చూస్తే నేలమాళిగలో బీరువా అంత రేకు పెట్టె. దాని పక్కన గోడకు అచ్చం లైటు స్విచ్ లాంటిదే ఒక స్విచ్. వెళ్లిన మొదటి వారంలోనే, లైటు అనుకుని నేనే దాన్ని ఆపేసి పైకొచ్చా. కరెంటు వృథా చేయకూడదు కదా! అప్పుడైతే గాలే ఆగిపోయింది. మీ జబ్బు అది కాదు, మీకు గాలి వస్తోంది. అయినా మీ అమ్మగారిని ఒకసారి అడిగి ఉంచుకోండి.

అసలు కథ జనవరిలో. అల్లుడు ఆఫీసు పని మీద డల్లాస్ వెళ్లాడు. ఇంట్లో పచ్చిబాలింత, పద్దెనిమిది రోజుల పసివాడు, నేను. బయట చలి వాళ్ల లెక్కలో సున్నా, మన లెక్కలో మైనస్ 18. అర్ధరాత్రి పాలకు లేచిన బిడ్డ కాళ్లు పట్టుకుంటే మంచుగడ్డల్లా ఉన్నాయి. నేలలో ఉండే జాలీ మీద చెయ్యి పెడితే గాలి బాగానే కొడుతోంది. ఆ కొట్టేది చల్లగాలి. ఇంట్లో వేడి ఎంత ఉండాలో పెట్టుకునే మీట, థర్మోస్టాట్ అంటారు, గోడకుంది. అది వాళ్ల ఫారెన్‌హీట్ లెక్కలో 72 ఉండాల్సింది 61 చూపిస్తోంది.

అమ్మాయి కంపెనీకి ఫోన్ చేసింది. ఏ కంపెనీ అన్నది వదిలేయండి. ‘మీ కాల్ మాకెంతో ముఖ్యం’ అని పాట పెట్టి ఇరవై నిమిషాలు వినిపించి, మర్నాడు సాయంత్రం నాలుగు తర్వాత అన్నారు. రాత్రికి రావాలంటే డబల్ రేటు, అది కూడా మనిషి దొరికితే. నాలుగు గోడలూ చెక్క, కిటికీలన్నీ బిగింపు, ఊపిరాడని ఇళ్లు కట్టుకుని ప్రాణమంతా ఒక రేకు పెట్టెలో పెట్టుకుంటారు వీళ్లు. మన రాతి మిద్దెలు ఎంత నయమో అనిపించింది. ఆ మాట పైకంటే అమ్మాయి నావైపు చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు.

ఊళ్లో మా అమ్మకు ఫోన్ కలిపితే “కుంపటి పెట్టండి, బిడ్డకు కాపడం పెట్టినట్టూ ఉంటుంది” అంది. ఆమె కాలంలో పురిటి గదిలో కుంపటి, సాంబ్రాణి మామూలే. ఆ ఇళ్లలో పెంకుల సందుల్లోంచి గాలి ఆడేది. ఇక్కడ నిప్పులు రాజేస్తే కార్బన్ మోనాక్సైడ్ కూడుకుంటుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఈ సలహా ఇస్తారు, లేదా గ్యాస్ పొయ్యి అన్ని మంటలూ వెలిగించి వంటింట్లో కూర్చుందాం అంటారు. రెండూ వద్దు. అందరూ ఒకే గదిలో చేరి తలుపు వేసుకుని, దుప్పట్లు కప్పుకుని ఉండండి. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్‌ను కనిపెట్టే అలారం ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఫర్నేస్‌కు వచ్చే గ్యాస్ వాసన వచ్చిందా, అందర్నీ బయటికి తీసుకుపోయి, అక్కడి నుంచి గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయండి. అప్పుడు కింద రాసినవేవీ ముట్టుకోవద్దు.

అక్కడ రాత్రి ఒకటిన్నర, కర్నూల్లో మిట్టమధ్యాహ్నం పన్నెండు. మా తమ్ముడికి వాట్సాప్‌లో వీడియో కాల్ చేశా. వాడిది కొండారెడ్డి బురుజు దగ్గర సందులో చిన్న రిపేరు షాపు. మిక్సీలు, కూలర్లు, గ్యాస్ గీజర్లు. టెన్త్ తప్పాడు, అదీ నేను చెప్పే సైన్సులోనే. ఫర్నేస్‌ను జన్మలో చూడలేదు. నేను ఏడుపు గొంతుతో “ఒరేయ్, చల్లగాలి వస్తోందిరా” అంటే వాడు తింటున్న ఉగ్గాని పక్కన పెట్టి ఒకే ఒక్క మాట అడిగాడు.

“అక్కా, ముందు ఏడుపాపు. గాలి సంగతి ఇడ్సిపెట్టు, ఫ్యాను బాగనే ఉండాది. మంట పుడ్తాందా? పుట్టి ఆరిపోతాందా? అస్సలు పుట్టడమే ల్యాదా?”

ఆ మూడు ప్రశ్నల్లోనే మీ జవాబంతా ఉంది. గాలి తోసేది ఒక యంత్రం, గాలిని వేడి చేసేది వేరొకటి. రెండూ ఒకే పెట్టెలో ఉండేసరికి మనం ఒకటే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నా, సైన్సు టీచర్ని.

మొదట థర్మోస్టాట్ చూపించమన్నాడు. అందులో ఫ్యాన్‌కు ‘ఆన్’, ‘ఆటో’ అని రెండుంటాయి. మాది ఆన్‌లో ఉంది. బాలింత గదిలో గాలి ఆడాలని అమ్మాయే పెట్టిందట. ఆన్‌లో ఉంటే మంట ఉన్నా లేకున్నా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, మంట లేనప్పుడు చల్లగాలే వస్తుంది. ఆటోకి మార్చాం. చల్లగాలి టక్కున ఆగింది. ఇంకేముంది, బాగైపోయిందని సంబరపడి టీ పెట్టుకున్నాం. టీ తాగేలోపు 61 కాస్తా 60 అయింది. చల్లగాలి రావడం ఆగిందే తప్ప వేడిగాలి రావడం మొదలు కాలేదు. కొందరికి ఆ ఒక్క మీటతోనే పని తీరుతుంది. ముందు అది చూడండి, పైసా ఖర్చు లేదు.

మంకీ క్యాప్ పెట్టుకుని, శాలువా కప్పుకుని, ఫోన్ చేత్తో పట్టుకుని కిందికి దిగా. అమ్మాయి పైన నిలబడి థర్మోస్టాట్‌ను పెంచింది. పెట్టె పై తలుపు తీస్తే లోపల జరిగేదంతా కనబడుతుంది. ముందు ఒక చిన్న ఫ్యాను గుయ్యిమంది, అది పొగను బయటికి తోసేది. తర్వాత ‘టక్’. తర్వాత ఒక చిన్న కడ్డీ ఎర్రగా, హీటర్ కాయిల్‌లా మండింది. గ్యాస్ వదిలిన చప్పుడు, భగ్గుమని నీలం మంట వరసగా అంటుకుంది. నేను “వచ్చిందిరా” అని అరిచా. నాలుగు లెక్కపెట్టేలోపు ఆరిపోయింది. మళ్లీ మొదటి నుంచి అదే తంతు. మళ్లీ ఆరింది. మూడోసారీ అంతే, ఆ తర్వాత గమ్మున ఉండిపోయి ఒక చిన్న లైటు మినుకుమినుకుమనడం మొదలుపెట్టింది.

“అక్కా, మన గ్యాస్ గీజరు అంటుకోని ఆరిపోతాంటే ఏం జేస్తాం?”

“నిన్ను పిలుస్తాం.”

“నేనేం జేస్తా?”

ఏం చేస్తాడో నేనెప్పుడైనా చూశానా! మంట పక్కన, ఇందాక ఎర్రగా మండింది కాక, ఇంకో సన్నని కడ్డీ ఉంటుందట, తెల్ల పింగాణీ మెడ, దానికి ఒకటే వైరు. మంట వెలిగిందో లేదో కనిపెట్టేది అదే. మంట కనబడకపోతే గ్యాస్‌ను ఆపేస్తుంది, లేకపోతే ఇల్లంతా గ్యాస్ నిండుతుంది కదా. ఆ కడ్డీకి మసి, పొర పట్టిందంటే మంట కళ్లెదుట మండుతున్నా దానికి తెలియదు. ఇక్కడ నా చదువు కాస్త మేలుకుంది. మంటలో అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు ఉంటాయి, అందువల్ల మంట గుండా కరెంటు పారుతుంది, అదీ ఒక దిక్కుకే ఎక్కువ. ఆ కడ్డీ పట్టేది కొన్ని మైక్రో ఆంపియర్లే, అంటే ఆంపియర్‌లో పదిలక్షల వంతులు. అంత సన్న కరెంటుకు వెంట్రుక మందం పొర కూడా అడ్డే. క్లాసులో నేను అయాన్ల పాఠం ఎన్నిసార్లు చెప్పానో! ఒక్క పిల్లాడికి కూడా గీజర్ విప్పి చూపించలేదు. మన సైన్సు చదువులన్నీ ఇంతే, బోర్డు మీద బొమ్మ, పరీక్షలో నాలుగు మార్కులు.

ముందు కరెంటు ఆపమన్నాడు. లైటు స్విచ్ అనుకున్నానే, అదే. ఈసారి తెలిసే ఆపా. గ్యాస్ పైపు మీది వాల్వు కూడా అడ్డంగా తిప్పేశా. కడ్డీకి ఒకటే స్క్రూ, అల్లుడి టూల్ కిట్‌లో దానికి పట్టేది దొరికింది. కడ్డీ బయటికి తీస్తే తెల్లగా బూడిద పట్టి ఉంది. దేంతో రుద్దాలిరా అంటే “గిన్నెలు తోమే పచ్చ పీచు ల్యాదా” అన్నాడు. కొత్తది తీసి, నీళ్లు తగలకుండా, మెల్లగా తుడిచా. ఎమరీ కాగితంతో బరబరా గీకొద్దన్నాడు. గీతలు పడితే మసి ఇంకా తొందరగా పడుతుందని వాడి సిద్ధాంతం. పింగాణీ పగలకుండా బిగించి, అన్నీ తెరిచి, పైకి కేకేశా. భగ్గుమంది. నాలుగు లెక్కపెట్టా, ఐదు, పది... ఇరవై దాటాక లెక్క మర్చిపోయా. పైన పెద్ద ఫ్యాను తిరిగి, అమ్మాయి “అమ్మా, వేడి వస్తోంది” అన్న గొంతు విని, ఆ నేలమాళిగ మెట్ల మీదే కూర్చుండిపోయా. తమ్ముడు ఫోన్లో “ఇంగ ఉగ్గాని తిననిస్తావా” అన్నాడు.

మర్నాడు నాలుగింటికి కంపెనీ మనిషి రానే వచ్చాడు. ఫర్నేస్ హాయిగా నడుస్తున్నా, లోపలికి టార్చి వేసి చూసి, కంట్రోల్ బోర్డు, అంటే దాన్నంతా నడిపే సర్క్యూట్, పోయేలా ఉంది, 450 డాలర్లు అన్నాడు. అల్లుడు ఫోన్లో సరే అనబోతే నేను వద్దన్నా. నేను ఏప్రిల్‌లో తిరిగి వచ్చేదాకా ఒక్కసారి ఆగలేదు. ఒక్క ఇంటి అనుభవంతో అందరినీ అనకూడదు. కానీ నాకు మాత్రం, పీచుతో పోయే జబ్బులే సగానికి పైగా బోర్డుల పేరుతో బిల్లవుతున్నాయని గట్టి నమ్మకం.

మీ విషయానికొస్తే, మంట అసలు పుట్టకపోతే దారి వేరు. ఇప్పటి ఫర్నేసుల్లో చాలావాటికి పొగ గొట్టం బదులు పక్క గోడలోంచి తెల్ల ప్లాస్టిక్ పైపులు బయటికి వస్తాయి. మంచు తోడినప్పుడు ఆ కుప్ప పైపు మూతికి అడ్డం పడిందేమో చూడండి. పొగ పోయే దారి మూసుకుపోతే మంట వెలగనివ్వని ఏర్పాటు ఉంది. ఆ రకానివి నీళ్లు కూడా వదులుతాయి. నీళ్లు పోయే సన్న గొట్టం పూడుకుపోయినా అదే ఫలితం.

మొదట కాసేపు వేడిగానే వచ్చి, తర్వాత చల్లబడి, మళ్లీ కాసేపటికి వేడి వస్తోందంటే గాలిలో దుమ్ము పట్టే ఫిల్టర్ తీసి చూడండి. గాలి ఆడక లోపల వేడి మితిమీరితే మంటను ఆపేసి, ఫ్యాను మాత్రం తిప్పుతుంది. ఆ రాత్రి జబ్బు అది కాకపోయినా మా వాళ్ల ఫిల్టర్ కూడా తీసి చూశా. ఇల్లు కొని పద్నాలుగు నెలలైంది, మార్చింది లేదు. ఆదోని పత్తి జిన్నింగు మిల్లు కిటికీలా ఉంది. ఫిల్టర్ వచ్చే అట్టపెట్టె మీద మూడు నెలలకోసారి అని రాసి ఉంటుంది, అది పోపు పెట్టని వాళ్లకు. మనం రోజూ ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ తాలింపు, శుక్రవారం సాంబ్రాణి. ఆ నూనె ఆవిరంతా పోయి ఫిల్టర్ మీద జిగురులా కూర్చుంటుంది. తెలుగిళ్లకు నెలకోసారి మార్చాల్సిందే, ఎవరేమన్నా నేను వినను. బాణాలి పెట్టినప్పుడు పొయ్యి మీది ఫ్యాను వేయండి. మా అమ్మాయి చప్పుడని వేయదు.

మంట పుట్టి నాలుగైదు సెకన్లకే ఆరిపోతుంటే మీదీ మా జబ్బే, పైన రాసినట్టు చేయండి. చేతకాదనిపిస్తే ముట్టుకోకండి, ఒక రాత్రి దుప్పట్లతో గడిచిపోతుంది. ఫర్నేస్ తలుపు లోపలివైపు ఒక కాగితం అతికించి ఉంటుంది, ఆ చిన్న లైటు ఎన్నిసార్లు మినుకుమంటే ఏం అర్థమో అందులో రాసి ఉంటుంది. ఎన్నిసార్లు మినుకుమంటోందో లెక్కపెట్టి, ఆ కాగితం ఫోటోతో సహా ఇక్కడ పెట్టండి. మా తమ్ముణ్ణి అడిగి చెప్తా. ఎలాగూ వాడికి ఫోన్ చేయాలి. మా కూలర్ వేడిగాలి కొడుతోంది, బోరు నీళ్ల ఉప్పంతా గడ్డికి పట్టి రాయిలా అయింది. మిషిగన్‌కు పది సెకన్లలో వచ్చినవాడు, రెండు వీధుల అవతలున్న మా ఇంటికి నాలుగు రోజులుగా వస్తున్నా వస్తున్నా అంటున్నాడు.