ఆమ్‌స్టర్‌డామ్‌లో పడవ ఎక్కే ముందు ఒకసారి పులికాట్ వెళ్ళిరా

ఒరేయ్ కిరణ్,

మే నెలలో అమ్మానాన్నలని యూరప్ తిప్పడానికి తీసుకెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, చాలా సంతోషంరా. ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలువల మీద పడవ షికారు ఎలా చేస్తే బాగుంటుందో పెద్దమ్మని కనుక్కోమన్నావట. సరైన మనిషినే అడిగావు. మా అమ్మాయి ఆమ్‌స్టర్‌డామ్ పక్కనే ఆమ్‌స్టెల్‌వీన్‌లో ఉన్నన్నాళ్ళూ మద్రాసు నుంచి ఎవరు చుట్టపుచూపుగా వచ్చినా వాళ్ళని పడవ ఎక్కించి తీసుకొచ్చే డ్యూటీ నాదే, అందుకని పెద్ద బోటు, చిన్న బోటు, వానలో బోటు, రాత్రి బోటు అన్నీ నాకు బాగానే అలవాటు.

ముందు చెప్పేది, టికెట్లు ఇప్పుడే ఇక్కడ కూర్చుని కొనేయకు. అక్కడి వాతావరణం పూటపూటకీ మారుతుంది, మే నెలలో కూడా పొద్దున ఎండ, మధ్యాహ్నం జల్లు, సాయంత్రం చలిగాలి, మూడూ ఒకే రోజు చూడొచ్చు. ఊళ్ళో దిగాక ఫోన్‌లో వెదర్ చూసుకుని ఒకటి రెండు రోజుల ముందు బుక్ చేస్తే సరిపోతుంది. ఒకవేళ మీ ప్రయాణం ముందుకు జరిగి ఏప్రిల్ 27 తగిలితే మాత్రం ఆ రోజు పడవ ఊసే ఎత్తకు, అది వాళ్ళ రాజుగారి పుట్టినరోజు పండగ, ఊరంతా నారింజ రంగు బట్టలేసుకుని కాలువల మీదే ఉంటుంది. దిగిన రోజే ఎక్కడం కూడా వద్దు. విమానంలో నిద్ర లేక, వెచ్చటి బోటులో మెత్తటి సీటులో కూర్చుంటే పావుగంటలో మీ నాన్న గురక పెడతారు, డబ్బు దండగ.

ఇక ఏ బోటు అన్నది. నాకైతే పైకప్పు లేని చిన్న బోటే ఇష్టం, పదీ పదిహేను మంది పడతారు, నడిపేవాడే పక్కన నిలబడి కథలు చెప్తాడు, నీళ్ళు చేతికి అందేంత దగ్గరగా ఉంటాయి. కానీ మీ అమ్మ మోకాళ్ళ సంగతి నీకు తెలుసు కదా, చిన్న బోటులోకి గట్టు మీంచి అడుగు వేసేటప్పుడు అది కిందకీ పక్కకీ ఊగుతుంది, పట్టుకోవడానికి కడ్డీ కూడా ఉండకపోవచ్చు. ఆవిడకి అద్దాల పైకప్పున్న పెద్ద బోటే మంచిది, నాలుగు మెట్లు దిగితే చాలు, బోటు కదలదు, కొన్నిటిలో టాయిలెట్ కూడా ఉంటుంది (బుక్ చేసేటప్పుడు ఇది తప్పకుండా చూసుకో, ఆ ఊళ్ళో ఆడవాళ్ళకి బయట టాయిలెట్ దొరకడం నిజంగా కష్టం, దొరికినా డబ్బులిచ్చి వెళ్ళాలి). పెద్ద బోటుతో వచ్చిన చిక్కు ఒకటే, ఎండకాస్తే లోపల ఇడ్లీ పాత్రే. అందుకని కొంచెం ముందుగా వెళ్ళి లైన్లో నిలబడి కిటికీ తెరుచుకునే సీటు పట్టు. కొన్ని బోట్లకి వెనక చిన్న జాగా పైకప్పు లేకుండా ఉంటుంది, నువ్వూ నాన్నా అక్కడ నిలబడొచ్చు. వాన పడితే గొడుగు పనికిరాదు, ఆ గాలికి తిరగబడుతుంది, టోపీ ఉన్న రెయిన్ జాకెట్ ముగ్గురికీ తీసుకో.

"అన్‌లిమిటెడ్ డ్రింక్స్" అని రాసున్న బోట్లు చవగ్గా కనిపిస్తాయి, అమ్మానాన్నలతో వాటి జోలికి పోకు. స్టేషన్ ఎదురుగా ఉన్న రేవులో జనం ఎక్కువ, అదే కంపెనీలకి రైక్స్ మ్యూజియం వైపు కూడా రేవులుంటాయి, అక్కడ కాస్త తీరిగ్గా ఎక్కొచ్చు. గంట, గంటంబావు షికారు చాలు. భోజనంతో కలిపి రెండు మూడు గంటలు తిప్పేవి ఉన్నాయి గానీ, చూడాలా తినాలా తెలియక రెండూ సగం సగం అవుతాయి.

టైమ్ సంగతి. మే మధ్యలో అక్కడ సూర్యుడు రాత్రి తొమ్మిదిన్నరకి గానీ దిగడు. పన్నెండు నుంచి నాలుగు దాకా టూరిస్టు బస్సుల జనమంతా బోట్ల మీదే ఉంటారు, ఆ టైమ్ వదిలేయ్. పొద్దున మొదటి బోటు, లేదా సాయంత్రం ఏడు దాటాక. నన్నడిగితే సాయంత్రమే, ఎండ ఏటవాలుగా పడి ఆ ఇటుక ఇళ్ళన్నీ ఎర్రబడతాయి. పూర్తిగా చీకటి పడ్డాక అద్దాల బోటు ఎక్కితే మాత్రం అద్దంలో మన మొహాలే కనిపిస్తాయి.

ఇప్పుడు చెప్పేది ట్రావెల్ ఏజెంటు చెప్పడు, కాస్త ఓపిగ్గా చదువు. వెళ్ళే ముందు ఒక ఆదివారం అమ్మానాన్నలని కారులో ఎక్కించుకుని పులికాట్ తీసుకెళ్ళు. మన మద్రాసు నుంచి ఉత్తరంగా పొన్నేరి మీదుగా అరవై కిలోమీటర్లు ఉంటుంది, అంతే. మనవాళ్ళు ప్రళయ కావేరి అంటారే, ఆ సరస్సు ఒడ్డున ఊరు. అక్కడ డచ్చివాళ్ళ పాత శ్మశానం ఉంది, ఆర్కియాలజీ వాళ్ళ సంరక్షణలో ఉంది, గేటు దగ్గర రాతిలో చెక్కిన అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి, లోపల డచ్ అక్షరాలున్న పెద్ద పెద్ద సమాధి రాళ్ళు. వాళ్ళ గెల్డ్రియా కోట కూడా అక్కడే ఉండేది, ఇప్పుడు తుప్పలు తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు. ఆ కోట కట్టింది 1613లో. ఆమ్‌స్టర్‌డామ్‌లో నువ్వు పడవెక్కి తిరగబోయే మూడు పెద్ద కాలువలు, హేరెన్‌గ్రాఖ్ట్, కైజర్స్‌గ్రాఖ్ట్, ప్రిన్సెన్‌గ్రాఖ్ట్, వాటి తవ్వకం మొదలైంది కూడా అదే 1613లో.

ఇది ఊరికే కలిసొచ్చిన ఏడాది అని కొట్టిపారేయకు. 1602లో పుట్టిన డచ్ ఈస్టిండియా కంపెనీ వాళ్ళకి ఇండోనేషియా దీవుల్లో లవంగాలు, జాజికాయ కావాలి, అక్కడివాళ్ళు వాటికి బదులుగా వెండి కన్నా మన కోరమాండల్ తీరం బట్టనే ఎక్కువగా అడిగేవారు. అందుకే ముందు మచిలీపట్నం, నిజాంపట్నం, తర్వాత పులికాట్‌లో దిగి, మన నేతగాళ్ళ దగ్గర, అద్దకం వాళ్ళ దగ్గర బట్ట కొని తూర్పుకి పంపి, దాంతో మసాలా దినుసులు కొని ఆమ్‌స్టర్‌డామ్ చేర్చారు. బట్ట ఒక్కటే కాదు, ఈ తీరం నుంచి మనుషుల్ని కూడా బానిసలుగా పడవల్లో ఎక్కించి బటేవియాకి, అంటే ఇప్పటి జకార్తాకి పంపారు. బోటులో చెవికి పెట్టుకునే ఆడియో "స్వర్ణయుగం" అని గర్వంగా చెప్తూ పోతుంది, బానిసల గురించి ఒక్కోసారి అంటుంది, ఒక్కోసారి అనదు. ఆ ఊరి మేయరు మాత్రం 2021 జులై 1న బానిస వ్యాపారంలో ఊరి పాత్రకి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. పులికాట్ చూసొచ్చినవాడివైతే హేరెన్‌గ్రాఖ్ట్ మీద ఆ పెద్ద పెద్ద ఇళ్ళు చూసినప్పుడు "ఎంత అందంగా ఉందో" దగ్గర ఆగిపోవు, ఇంత డబ్బు ఎక్కణ్ణించి వచ్చిందిరా అని నీకే అనిపిస్తుంది. మీ నాన్నకి కూడా చెప్పు, ఆయన చరిత్ర అంటే చెవి కోసుకుంటారు.

(పులికాట్‌లో కూడా "బోటింగ్ సార్, బోటింగ్" అని వెంటపడతారు. 2011 క్రిస్మస్ రోజు అక్కడ పడవ మునిగి ఇరవై మందికి పైగా పోయారు, మన మద్రాసు నుంచి పిక్నిక్‌కి వెళ్ళినవాళ్ళే. కాబట్టి అక్కడ గట్టు మీంచే చూసి రండి, ఎంత బతిమాలినా ఎక్కొద్దు.)

ఆమ్‌స్టర్‌డామ్‌లో బోటు ఎక్కే ముందు రోజు ఒక కాలువ గట్టున నడవండి. ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ చాలు, ఉత్తరపు కొస నుంచి వెస్టర్‌కెర్క్ చర్చి గోపురం దాకా, మీ అమ్మ ఆగుతూ ఆగుతూ నడిచినా ఇబ్బంది లేదు. కాస్త సైకిళ్ళు చూసుకోండి, గట్టు మీద బెల్లు కొట్టి మీదికే వచ్చేస్తారు. మేలో ఎల్మ్ చెట్ల గింజలు రాలి గట్టంతా కాగితం ముక్కలు చల్లినట్టు ఉంటుంది, మీ అమ్మకి నచ్చుతుంది. నడుస్తూ ఇళ్ళ పైభాగం చూడండి. చాలా ఇళ్ళకి కప్పు కింద ఒక దూలం బయటికి పొడుచుకొచ్చి, దాని చివర కొక్కెం ఉంటుంది. కాలువ గట్టు స్థలం చాలా ఖరీదు కాబట్టి ఇళ్ళు సన్నగా, లోతుగా కట్టారు, లోపల మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి, వాటి మీంచి బీరువా ఎక్కించడం ఎవరి తరమూ కాదు. అందుకని కొక్కేనికి గిలక తగిలించి మోకుతో కిటికీలోంచి లాగుతారు, ఇప్పటికీ లాగుతారు. సరుకు గోడకి కొట్టుకోకుండా ఇంటి ముఖం కాస్త ముందుకి వాల్చి కట్టారు. అది చూసి కూలిపోతుందేమో అని మీ అమ్మ టెన్షన్ పడితే చెప్పు. పక్కకి వాలినవి మాత్రం వేరు, అవి కింద పునాది కుంగినవే.

పునాది అంటే చెక్క దుంగలురా! బురద నేల కాబట్టి గట్టి ఇసుక తగిలేదాకా దుంగలు దిగ్గొట్టి వాటి మీద ఇళ్ళు నిలబెట్టారు. డామ్ చౌకులో రాజభవనం ఒక్కదాని కిందే 13,659 దుంగలున్నాయి. చెక్క పూర్తిగా నీళ్ళలో మునిగి ఉంటే గాలి తగలదు, కుళ్ళదు, నీటి మట్టం తగ్గితే కుళ్ళు మొదలవుతుంది, అందుకే కాలువల్లో నీళ్ళు ఎప్పుడూ ఒకే మట్టంలో ఉండేలా లాకులతో కాపలా కాస్తారు. మీ నాన్న పీడబ్ల్యూడీలో అన్నేళ్ళు చేశారు కదా, లాకులు కనిపిస్తే నువ్వు పిలిచినా ఆయన ఇటు తిరగరు. కాలువ గోడలు కూడా పాతబడిపోయాయి, 2020లో ఒకచోట గోడ కాలువలోకే కూలింది, దాదాపు 200 కిలోమీటర్ల గోడలు వరసగా బాగుచేస్తున్నారు. అందుకని బోటు రూటు మారిందని, ఫలానా వంతెన చూపించలేదని రేవులో గొడవ పెట్టుకోకండి.

మన మద్రాసులో కూవం నది వాసనకి ముక్కు మూసుకోవడం అలవాటైనవాళ్ళం కదా, అక్కడ నీళ్ళు వాసన రాకపోవడమే మనకి పెద్ద వింత. ఒకప్పుడు అవీ కంపు కొట్టేవే, వేసవిలో డబ్బున్నవాళ్ళు భరించలేక పల్లెల్లో ఇళ్ళకి పారిపోయేవారు. మన బకింగ్‌హామ్ కాలువలో మా చిన్నప్పటిదాకా ఉప్పు, కట్టెలు వేసుకుని ఆంధ్రా వైపు నుంచి పడవలు వచ్చేవి, ఇప్పుడు మైలాపూర్‌లో దాని మీదే రైలు స్తంభాలు నిలబెట్టారు. ఆ మాట ఎత్తితే నాకు బీపీ పెరుగుతుంది, వదిలేద్దాం.

బోటులో ఉండగా ఫోన్ ఎప్పుడూ మొహానికి అడ్డం పెట్టుకోకు. రెగులియర్స్‌గ్రాఖ్ట్ మలుపు దగ్గర ఏడు వంతెనలు ఒకదాని వెనక ఒకటి వరసగా కనిపిస్తాయి, అక్కడ బోటు కాస్త నెమ్మదిస్తుంది, అప్పుడు తీసుకో. హెడ్‌ఫోన్‌లో చెప్పేదానికి, బయట కనిపించేదానికి ఒక్కోసారి పొంతన ఉండదు, పట్టించుకోకు. ఎర్ర దీపాల వీధి పక్కగా పోతే కిటికీల వైపు ఫోన్ ఎత్తకు, అక్కడ ఫొటోలు అసలు ఊరుకోరు. నాజీలకి దొరక్కుండా దాక్కుని డైరీ రాసిన యూదుల అమ్మాయి ఆన్ ఫ్రాంక్ ఇల్లు ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ 263, బోటు దాని ముందు నుంచే పోతుంది గానీ అది చూసినట్టు కాదు. లోపలికి వెళ్ళాలంటే టికెట్లు ఆన్‌లైన్‌లోనే, ప్రతి మంగళవారం ఆరు వారాల ముందు తేదీలకి వదులుతారు, అవి మాత్రం ఇప్పుడే చూసుకో. ఇరుకు మెట్లు కాబట్టి మీ అమ్మ కింద ఉండిపోవలసి వస్తుందేమో, ముందే మాట్లాడుకోండి.

మనమే నడుపుకునే చిన్న కరెంటు బోట్లు అద్దెకిస్తారు, లైసెన్సు కూడా అడగరు. నీ మొహం చూస్తే నువ్వు అటే చూస్తావని నాకు తెలుసు. పెద్ద బోట్లు వంతెన కింద ఎదురొచ్చినప్పుడు ఎటు తప్పుకోవాలో తెలియక అందరూ అరుస్తుంటే మీ అమ్మ అక్కడికక్కడే విష్ణు సహస్రనామం మొదలుపెడుతుంది. వద్దు. స్నేహితులతో వెళ్ళినప్పుడు చూసుకో.

నీళ్ళ మీద ఇంకోసారి తిరగాలనిపిస్తే డబ్బు పెట్టక్కర్లేదు. సెంట్రల్ స్టేషన్ వెనక వైపు నుంచి అవతలి ఒడ్డుకి ఫెర్రీలు పోతుంటాయి, పూర్తిగా ఉచితం, సైకిళ్ళ వాళ్ళతో కలిసి నిలబడి వెళ్ళిరావొచ్చు. పిల్లులంటే మీ అమ్మకి ప్రాణం కదా, సింగెల్ కాలువలో అనాథ పిల్లులని పెంచే పడవ ఒకటుంది, తెరిచి ఉండే టైమ్ చూసుకుని తీసుకెళ్ళు. తిండి సంగతి పెద్ద బెంగ వద్దు, ఒకప్పటి డచ్ వలస దేశం సురినామ్ నుంచి వచ్చిన వాళ్ళ రోటీ కొట్లు ఉంటాయి, వెజ్ అని గట్టిగా చెప్పు. ఫ్రైస్ మీద వేసే మయొనైజ్‌లో మామూలుగా గుడ్డు ఉంటుంది, అమ్మకి కెచప్ చాలు. చాలాచోట్ల నోట్లు తీసుకోరు, కార్డు దగ్గర ఉంచుకో.

పూల మార్కెట్‌లో ట్యూలిప్ దుంపలు చూడగానే మీ అమ్మ కొంటానంటుంది. పర్మిట్ లేకుండా మొక్కలు, దుంపలు మన దేశంలోకి తేకూడదు, మీనంబాక్కం ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ళు లాక్కుంటారు. ఆవిడకి బదులుగా చెక్క ట్యూలిప్‌లు కొనిపెట్టు, నాకు మాత్రం ఏమీ తేవద్దు, మొన్న మా అమ్మాయి పంపిన చీజే ఇంకా ఫ్రిజ్‌లో ఉంది.

పులికాట్‌కి ఏ ఆదివారం వెళ్తున్నారో చెప్పు, కారులో చోటుంటే నేనూ వస్తాను, పులిహోర నేను తెస్తాను.

పెద్దమ్మ