విలెమ్‌స్టాడ్‌లో దిగాక

చిట్టీ,

పెద్దమ్మ దీవెనలు. మీ ఓడ కరీబియన్ దీవి కురసావోలో, విలెమ్‌స్టాడ్ ఊళ్లో ఒక పగలంతా ఆగుతుందని, ఏ బస్సు టూర్ తీసుకోమంటావని అడిగావు కదా. ఏదీ వద్దు. మొదటిసారి మేం డబ్బు కట్టి బస్సెక్కాం. ఊరంతా కిటికీలోంచే అయిపోయింది. రెండోసారి నడిచాం. అసలు విలెమ్‌స్టాడ్ అప్పుడే చూశాం.

ఊరి మధ్యలో ఓడలు వచ్చే నీటిపాయ ఉంటుంది. మీ ఓడ దానికి ఓట్రోబాండా వైపు ఆగుతుంది. వాళ్ల పాపియమెంటు భాషలో ఆ మాటకి 'అవతలి గట్టు' అని అర్థం. ఇవతల పుండాకి రావడానికి క్వీన్ ఎమ్మా వంతెన ఉంది, 1888లో కట్టింది. నీళ్లలో స్తంభాలుండవు, వరసగా కట్టిన పంట్ల మీద తేలుతుంది. ఓడ వస్తే ఒక చివర ఇంజన్ నడిపి, తలుపు తీసినట్టు పక్కకి జరుపుతారు. గంట మోగితే కంగారుపడి పరుగెత్తకు. మీద నిలబడనిస్తారు. హాయిగా రెయిలింగ్ పట్టుకుని నుంచో, ఒడ్డున ఉన్న రంగురంగుల మేడలన్నీ మెల్లగా పక్కకి కదులుతాయి. నారింజ జెండా ఎగరేస్తే కాసేపే, నీలం జెండా అయితే ఆలస్యమని గుర్తు. అప్పుడు దాటించడానికి ఉచితంగా పడవ ఉంటుంది. మీ పెదనాన్న ఆ పడవ కోసమే అవసరం లేకపోయినా అటూ ఇటూ తిరిగారు.

పుండాలో ఒక్కటి తప్పకుండా చూడు, 1732 నాటి యూదుల ప్రార్థనామందిరం. లోపల నేలంతా ఇసుక. పోర్చుగల్, స్పెయిన్‌లలో దొంగచాటుగా ప్రార్థన చేసుకున్న రోజుల్లో అడుగుల చప్పుడు వినబడకుండా పోసుకునేవారట, దాని గుర్తుగా అంటారు. శనివారం వాళ్ల ప్రార్థన రోజు, ఆ రోజు సందర్శనకి వెళ్లకు.

మధ్యాహ్నం ప్లాసా బియూలో తిను. పాత మార్కెట్ అది, పొడుగు బల్లల మీద అందరితో కలిసి కూర్చోవాలి. ఫుంచి అంటే మొక్కజొన్న పిండి సంకటే. బొబ్బర్లు కలిపి చేసేది టూటూ. దాన్ని లేలే అనే మూడు కొమ్మల పుల్లతో మెదుపుతారు, చూస్తే మన కవ్వం గుర్తొచ్చింది నాకు. గియాంబో బెండకాయ పులుసు కదా అని ఆశపడకు, అందులో చేపలు, మాంసం ఉంటాయి. నువ్వు తినవు కాబట్టి టూటూలో కూడా ఏం వేశారో అడిగి తీసుకో. డాలర్లు తీసుకుంటారు, చిల్లర నోట్లు పెట్టుకో.

చేతి గడియారం ఓడ టైమ్‌కే ఉంచు. ఫోన్ అక్కడి టైమ్‌కి మారిపోతుంది. దాన్ని నమ్మి మేం చెమటలు కక్కుతూ పరుగెత్తి, గంట ముందే ఓడెక్కి కూర్చున్నాం. మీ పెదనాన్న ఇప్పటికీ ఆ గంట నా ఖాతాలోనే రాస్తారు.

పెద్దమ్మ