‘కుక్క కావాలో నేను కావాలో తేల్చుకోండి’ అనేశాను!

ప్రశ్న: మాది ఒంగోలు. ఏడాది కిందట మావారు నన్ను మాటమాత్రం అడక్కుండా గ్రేట్ డేన్ జాతి కుక్కపిల్లను తెచ్చారు. ఇప్పుడు దానికి 14 నెలలు, 52 కిలోలు. ఆయనకు చీమకుర్తి గ్రానైటు ఫ్యాక్టరీలో పని. ఏడింటికి వెళ్లి రాత్రి ఎనిమిదికి వస్తారు. దాని చాకిరీ అంతా నాదే. బాబుకు మూడేళ్లు. అత్తయ్యకు 68, మోకాళ్ల నొప్పులు. ఇల్లంతా నున్నటి నల్ల గ్రానైటు. పోయిన నెల అది పక్కనుంచి దూసుకుపోతుంటే అత్తయ్య జారిపడి మణికట్టు వాచింది. బయట కట్టేయమంటుంది ఆమె. కడితే రాత్రంతా మొరుగుతుంది. రొయ్యల చెరువు కాపలాకు ఇచ్చేయండని బంధువులు. ఆ మాటెత్తితే ఆయన అన్నం ముట్టడం లేదు. మొన్న కోపంలో పై మాట అనేశాను. రెండు రోజులుగా ఇంట్లో మాటల్లేవు.

జవాబు: అమ్మా, ముందు ఆ మాట వెనక్కి తీసుకోండి. అది విన్నాక ఆయనకు మీ అలసట కనపడదు, కుక్కను గెంటేస్తారన్న భయమే మిగులుతుంది. దాని బదులు ఒక కాగితం మీద లెక్క రాసి చూపించండి. పొద్దున నడక 40 నిమిషాలు, సాయంత్రం 40, రెండు పూటలా తిండి పెట్టి గిన్నె కడగడానికి 30, దొడ్డి కడగడానికి 15, చొంగ తుడవడానికి 20, శిక్షణకు 15. మొత్తం 2 గంటల 40 నిమిషాలు, రోజూ, ఆదివారం కూడా. ఇందులో పొద్దున ఐదున్నర నుంచి ఆరున్నర దాకా, రాత్రి ఎనిమిదిన్నర తర్వాత ఉన్న పనంతా ఆయన వాటా. పగలు నీళ్లు పెట్టడం, మధ్యాహ్నం ఒకసారి దొడ్డిలోకి వదలడం మీది. ఆయనకు కుదరకపోతే మనిషిని పెట్టి డబ్బు ఇవ్వాలి. తెచ్చిన ముచ్చట ఆయనది కదా.

మీ అత్తగారి భయాన్ని మాత్రం చాదస్తంగా కొట్టిపారేయకండి. ఈ జాతికి మనిషిని ఆనుకుని నిలబడే అలవాటు ఉంది. ప్రేమగానే ఆనుకుంటుంది, కానీ 52 కిలోలు మోకాళ్ల నొప్పుల మనిషి మీద వాలితే ఆమె నిలవలేదు. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మంచం పట్టడమే. పైగా మగ గ్రేట్ డేన్ పెద్దయ్యాక 55 నుంచి 80 కిలోల దాకా వెళ్తుంది. మీది ఇంకా పెరుగుతోంది.

అసలు దోషం గచ్చుది. పాలిష్ చేసిన గ్రానైటు మీద గోళ్లు పట్టు దొరక్క జారుతుంది, జారకూడదని పరిగెడుతుంది, మలుపులో మనుషుల్ని గుద్దుతుంది. ఈ వయసులో అలా కాళ్లు విడిపోతుంటే దాని తుంటి కీళ్లకూ చేటే. అది పడుకునే చోటు నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కణ్నుంచి దొడ్డి తలుపు దాకా మూడడుగుల వెడల్పున రబ్బరు పట్టా పరచండి. అడుగున గరుకు ఉన్నదే కావాలి, అంచులకు రెండువైపులా అంటుకునే టేపు వేయాలి. జంఖానాలు, గోనెపట్టాలు వేస్తే అవే దానితో కలిసి జారుతాయి. మూడు వారాలకోసారి గోళ్లు కత్తిరించాలి. నడుస్తుంటే టకటక వినపడిందంటే గోళ్లు పెరిగినట్టే. అరికాలి మెత్తల మధ్య వెంట్రుకలూ తీసేయండి.

పరుపు నాలుగు అంగుళాల మందం ఉండాలి, పైన రెక్సిన్ తొడుగు. రాతి మీదే పడుకుంటే బరువంతా మోచేతుల మీద పడి అక్కడ చర్మం కాయకాసి, నీరు చేరి నిమ్మకాయంత వాపు వస్తుంది. వేసవిలో మాత్రం పరుపు వదిలి గచ్చు మీదికే పోతుంది, పోనివ్వండి.

వంటింటికీ, పూజగదికీ, అత్తగారి గదికీ నాలుగడుగుల సగం తలుపులు పెట్టించండి. చంటిపిల్లలకు పెట్టే చిన్న గేటు మీదుగా ఇది తల వంచి లోపల వాసన చూస్తుంది. గుమ్మం మధ్య ఒత్తి బిగించేవి అది ఒరిగితే ఊడిపోతాయి, గోడకు బోల్టులే వేయించాలి. మడి మాటలూ, కుక్క ఇంట్లో తిరిగితే లక్ష్మి నిలవదన్న మాటలూ వస్తే వాదించకండి. తలుపు పెట్టాక ఆ తగువుకు పనుండదు. వంటింటి తలుపుకు ఇంకో కారణం ఉంది: నాలుగు కాళ్ల మీద నిలబడే దాని మూతి గట్టు మీదికి వస్తుంది. గిన్నె నాకబోయి స్టవ్ నాబ్ తిప్పేసే ప్రమాదం ఉంది. రాత్రి పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టేయండి.

బాబునూ దాన్నీ ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు. బాబు చేతిలో ఇడ్లీ సరిగ్గా దాని నోటి ఎత్తులో ఉంటుంది, దాని తోక బాబు మొహం ఎత్తులో. కుక్క ఉన్నట్టుండి బిగుసుకుపోయినా, పెదాలు నాక్కుంటూ మొహం తిప్పుకున్నా, కంటి తెల్లగుడ్డు కనపడినా బాబును పక్కకు తీయండి. గుర్రుమంటే తిట్టకండి. తిడితే గుర్రుమనడం మానేసి, చెప్పకుండా కరవడం నేర్చుకుంటుంది.

శిక్షణ ఆయనే ఇవ్వాలి. హాలులో ఒక పట్టా దానికి కేటాయించి ‘చోటు’ అని ఒకే మాట వాడండి. ఒకరు ‘సిట్’, ఒకరు ‘పో’, ఒకరు ‘ఒరేయ్’ అంటే అది దేన్నీ నేర్చుకోదు. పట్టా మీద పడుకోగానే ఉడికించిన కోడిమాంసం ముక్క, శనగగింజంత, దాని ముందుకాళ్ల మధ్య పట్టా మీదే పెట్టాలి. చేత్తో అందిస్తే లేచి చేతివెంట వస్తుంది. మొదట మూడు సెకన్లు ఉంటే చాలు, తర్వాత పది, ముప్పై, రెండు నిమిషాలు. అది నిలిచాకే ఆయన గదిలో అటూఇటూ తిరగాలి, ఆ తర్వాత అత్తగారు కర్ర ఆనించుకుంటూ హాలులోకి రావాలి. రోజుకు మూడుసార్లు ఐదేసి నిమిషాలు, నెల దాకా పట్టొచ్చు. బయటికి తీసుకెళ్లేటప్పుడు ఛాతీ ముందు కొక్కెం ఉన్న బెల్టు వాడాలి, తాడు మణికట్టుకు చుట్టుకోకూడదు. పిల్లి కనపడితే మణికట్టే పోతుంది.

తిండి ఒక్కపూటే కుమ్మరించకండి, రెండు మూడు పూటలుగా పెట్టండి. తిన్నాక గంటసేపు పరుగులొద్దు. కాల్షియం సిరప్ పోస్తుంటే ఆపేయండి. పెద్ద జాతి పిల్లలకు ఎక్కువైన కాల్షియమే ఎముకల పెరుగుదలను చెడగొడుతుంది. చేపల పులుసు అన్నం, బిర్యానీ ఎముకలు, పాయసంలో ఎండుద్రాక్ష వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తాన్ని పాడుచేస్తాయి.

ఇక ఆయన తప్పక తెలుసుకోవాల్సింది కడుపు మెలిక గురించి. ఈ జాతిలో కడుపు గ్యాసుతో ఉబ్బి తిరగబడే ముప్పు ఎక్కువ. కక్కబోతుంది, ఏమీ రాదు, చొంగ మాత్రమే. పొట్ట డప్పులా బిగుస్తుంది, ఒకచోట నిలవదు. పొద్దున చూద్దాంలే అంటే పొద్దునకు ఉండదు. కొన్ని గంటల్లో ఆపరేషన్ జరగాలి. ఒంగోలులో రాత్రిపూట పొట్ట ఆపరేషన్ చేసే పశువైద్యులు ఎవరో ఇప్పుడే అడిగి పెట్టుకోండి. తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలు ఉన్నాయి కానీ ఆ దూరం ఈ జబ్బుకు ఎక్కువే. దాన్ని ఎత్తి మోయలేరు, దుప్పటిలాంటి మందపాటి జంఖానా మడిచి వాకిట్లో ఉంచండి, ఇద్దరు నాలుగు కొసలు పట్టుకోవాలి. 18 నెలలు దాటాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేటప్పుడే కడుపు మెలిక పడకుండా దాన్ని పొట్ట లోపలి గోడకు కుట్టించే వీలుంది, అడగండి.

రొయ్యల చెరువు సలహా మాత్రం వినొద్దు. పొట్టి వెంట్రుకల కుక్క, ఉప్పుగాలి ఉక్కలో గొలుసుకు రోహిణికార్తె దాటదు. కుక్కకు చల్లదనం ఎక్కువగా ఎగశ్వాసతోనే, గాలిలో తేమ ఉంటే అదీ సరిగా పనిచేయదు. అందుకే మన తీరంలో కూలర్ కన్నా ఏసీ నయం. ఒళ్లు 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే కుళాయి నీళ్లు పోసి ఫ్యాను పెట్టి, ఆ తర్వాతే ఆసుపత్రికి. తడి టవలు కప్పితే వేడి లోపలే ఉండిపోతుంది.

ఈ జాతి ఆయుష్షు ఏడు నుంచి పదేళ్లు. ఆరు వారాలు గడువు పెట్టుకోండి. ఆయన వాటా పనులు జరగకపోతే, అత్తగారు ఇంకా గోడ పట్టుకునే తిరుగుతుంటే, ఇంట్లో ఉంచి పెంచేవాళ్లను ఆయనే వెతకాలి. అలా ఇవ్వడం పాపం కాదు, మీకు వీలుకాదని ఒప్పుకోవడమే.

మీ తరఫున ఈ ఆదివారం చేయాల్సింది ఒకటే. వడ్రంగిని పిలిచినప్పుడు అత్తగారిని పక్కన కూర్చోబెట్టి ఆమెతోనే కొలతలు చెప్పించండి. గడియ ఆమె వంగకుండా అందే ఎత్తులో ఉండాలి, తలుపు ఆమె గదివైపుకే తెరుచుకోవాలి. హాలువైపు తెరుచుకుంటే తలుపు వెనక నిలబడ్డ కుక్కను తోయడం ఆమె వల్ల కాదు.