విజయాన్ని గెలుస్తారా?

సందేహం: మా ఊరి ఎడ్ల జత బండలాగుడు పోటీలో మొదటి బహుమతి తెచ్చింది. శిలాఫలకం వేయిస్తున్నాం. 'అఖండ విజయాన్ని గెలిచి చిరస్థాయిగా శాశ్వత కీర్తి, యశస్సు, ప్రతిష్టలను సాధించినవి' అని రాశాం. సరిచూడగలరు.
– కందుకూరు ప్రాంత పాఠకుడు

సమాధానం: పోటీ గెలుస్తాం, పందెం గెలుస్తాం, బహుమతీ గెలుస్తాం. విజయమంటేనే గెలుపు కాబట్టి దాన్ని మళ్లీ గెలవడం కుదరదు. విజయం సాధిస్తాం, పొందుతాం. 'గెలుపొందింది' నిక్షేపమైన మాట. 'ఘన గెలుపు' మాత్రం వద్దు, 'ఘనవిజయం' అనండి.

కీర్తి, యశస్సు రెండూ అమరకోశంలో పర్యాయపదాలే. దానం వల్ల వచ్చేది కీర్తి, శౌర్యం వల్ల వచ్చేది యశస్సు అని కొందరు విడదీశారు. కత్తి వల్ల కీర్తి, విద్య వల్ల యశస్సు అని ఇంకో మాటా ఉంది. తెలుగు వాడుకలో ఈ తేడా ఏదీ నిలవలేదు, కాబట్టి ఒకటి చాలు. ప్రతిష్ఠ సంగతి వేరు. అందులో 'స్థా' ధాతువుంది, అంటే నిలవడం. ఒక్క పోటీతో కీర్తి రావచ్చు. ప్రతిష్ఠ ఏళ్ల తరబడి నిలబెట్టుకోవలసింది. తరతరాలుగా మేలైన ఒంగోలు జాతి ఎడ్లను పెంచుతున్న ఊరైతే ఆ మాట తప్పక ఉంచండి. 'నిష్ఠ', 'శ్రేష్ఠం' లాగే ఇక్కడా ఠ వత్తే. 'కష్టం', 'ఇష్టం' అలవాటు కొద్దీ ట వత్తు చెక్కేస్తారు, రాయి మీద పడ్డాక దిద్దలేం.

'చిర' అంటే చాలాకాలం, 'శాశ్వతం' అంటే ఎప్పటికీ. పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. 'ఆచంద్రతారార్కం' పెడదామనిపించినా ఆగండి. చంద్రుడు, చుక్కలు, సూర్యుడు ఉన్నంతకాలం అనే ఆ మాట శాసనాల్లో ఎక్కువగా కనిపించేది దానాల దగ్గర. మనిషి పేరు నిలిపేవిగా చెప్పే సప్తసంతానాల్లోనూ చెరువు, గుడి, తోట, కావ్యం ఉన్నాయి గానీ యుద్ధవిజయం లేదు. ఏది మిగులుతుందో పెద్దలు బాగా ఆలోచించే ఆ లెక్క వేశారు.

గెలుపును రాతి మీద ఎలా చెప్పాలో మీ దగ్గరి అద్దంకి శాసనమే చూపిస్తుంది. క్రీ.శ. 848 నాటి ఆ శాసనంలో తరువోజ అనే ఛందస్సులో ఉన్న పద్యంలో కీర్తి అన్న మాటే లేదు. తూర్పు చాళుక్యుల సేనాని పండరంగడు 'కొట్టముల్ వండ్రెండు గొని', కట్టెపు దుర్గాన్ని నేలమట్టం చేసి, 'కందుకూర్ బెజవాడ గావించె మెచ్చి' అని చేసిన పనులే వరుసగా ఉన్నాయి. పన్నెండు బోయకొట్టాలు, అంటే బోయల స్థావరాలు, పట్టుకున్నాడు, మీ కందుకూరును బెజవాడంతటి ఊరిని చేశాడు. అంతే. అయినా ఇన్ని శతాబ్దాలుగా అతని పేరు చెప్పుకుంటున్నాం.

కాబట్టి ఇలా చెక్కించండి: 'బండలాగుడు పోటీలో మొదటి బహుమతి గెలిచి మా ఊరికి కీర్తి తెచ్చిన ఎడ్ల జత.' జత ఒకటే కాబట్టి క్రియ కావాలంటే 'గెలిచింది', ఎడ్లు అని మొదలుపెడితే 'గెలిచాయి'. దాని కింద ఎడ్ల పేర్లు, పెంచినవారి పేరు, పోటీ జరిగిన ఊరు, తేదీ, ఎన్ని పళ్ల ఎడ్ల విభాగమో, బండ బరువు, ఇచ్చిన సమయంలో లాగిన దూరం అడుగుల్లో వేయండి.