క్రిమినల్ జస్టిస్ చదవడానికి అమెరికా వచ్చే బరంపురం, పర్లాకిమిడి విద్యార్థులకు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి సోషియాలజీలోనో రాజనీతి శాస్త్రంలోనో బి.ఏ. పూర్తిచేసి, అమెరికాలో క్రిమినల్ జస్టిస్ చదవాలనుకునే తెలుగు విద్యార్థులు మొదట అడిగేది ఒకటే: ఈ డిగ్రీతో ఎఫ్‌బీఐ వంటి సంస్థలో ఉద్యోగం వస్తుందా? రాదు. ఎఫ్‌బీఐ అమెరికా పౌరులనే తీసుకుంటుంది. ఆ ఆశతో అప్పు చేసి రావద్దు. ఇది పోలీసు శిక్షణ కాదు. నేరం ఎందుకు జరుగుతుంది, ఎవరు పట్టుబడతారు, ఎవరికి బెయిలు దొరకదు అన్న ప్రశ్నలను అంకెలతోనూ క్షేత్ర పరిశీలనతోనూ విచారించే సామాజిక శాస్త్రం. "మనకెందుకమ్మా ఈ పోలీసు గొడవలు" అనే ఇంట్లోవాళ్లకు కూడా ఈ మాటే చెప్పండి.

వీసా సంగతి క్లుప్తంగా చెబుతాను. చదువు ముగిశాక పన్నెండు నెలల ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసే అనుమతి) ఉంటుంది. మరో ఇరవైనాలుగు నెలల పొడిగింపు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలోని కోర్సులకే. ఫోరెన్సిక్ సైన్స్, సైబర్ ఫోరెన్సిక్స్ ఆ జాబితాలో ఉన్నాయి, మామూలు క్రిమినాలజీ లేదు. కనుక చేరకముందే కోర్సు కోడ్ అడిగి తెలుసుకోండి. మాస్టర్స్ ఖర్చు చాలావరకు సొంతంగానే భరించాలి. పీహెచ్‌డీలో ఫీజు మాఫీతో పాటు స్టైపెండ్ దొరికే అవకాశం ఎక్కువ. పరిశోధన మీద నిజంగా ఆసక్తి ఉన్నవారు దానికే ప్రయత్నించడం మంచిదని నా అభిప్రాయం.

మనవాళ్లు తడబడేది స్టాటిస్టిక్స్‌లో. సూత్రాలు కష్టమని కాదు, ప్రభుత్వం అచ్చువేసిన అంకెను అనుమానించడం మనకు అలవాటు లేక. మన దేశపు నేరాల లెక్కలు వేసే ఎన్‌సీఆర్‌బీ ఒక కేసులో అన్నిటికంటే పెద్ద నేరాన్నే లెక్కిస్తుంది. అత్యాచారం, హత్య రెండూ జరిగిన కేసు అత్యాచారాల లెక్కలోకి రాదు. అమెరికాలో పోలీసు లెక్కలకు తోడు, ఫిర్యాదు చేసినా చేయకపోయినా ఇళ్లకు వెళ్లి బాధితులనే అడిగే సర్వే 1973 నుంచి నడుస్తోంది. హింసాత్మక నేరాల్లో సగానికి పైగా పోలీసుల దాకా వెళ్లవని తేల్చింది అదే. 2021లో ఎఫ్‌బీఐ కొత్త నమోదు పద్ధతికి మారినప్పుడు న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ వంటి నగరాల పోలీసు వివరాలే ఆ ఏటి లెక్కలోకి రాలేదు. ఇటువంటి లొసుగులు పట్టుకోవడమే ఇక్కడి చదువులో అసలు పని.

దరఖాస్తు వ్యాసంలో "చిన్నప్పటి నుంచి న్యాయం అంటే ఇష్టం" అని రాయకండి. అందరూ అదే రాస్తారు. మీ జిల్లా గురించి రాయండి. కోరాపుట్, మల్కన్‌గిరి కొండల గంజాయి కేసులనే తీసుకోండి. మాదకద్రవ్యాలపై 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం ఇరవై కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, అప్పుడు 37వ సెక్షన్ కింద బెయిలు దొరకడం గగనం. మూట మోసిన కూలీ జైల్లో ఉంటే, పెట్టుబడి పెట్టినవాడు ఎక్కడున్నాడు? పైగా కేసు కాగితం ఒడియాలో, నిందితుడి మాట కొండవాసుల భాష కువిలోనో తెలుగులోనో, హైకోర్టు తీర్పు ఇంగ్లీషులో ఉంటాయి. అటు గడ్చిరోలి జిల్లా సిరోంచలో ఒడియా స్థానంలో మరాఠీ ఉంటుంది, అంతే తేడా. ఈ భాషలు రెండు మూడు వచ్చిన విద్యార్థికి ఉన్న వీలు ఏ అమెరికన్ పరిశోధకుడికీ లేదు. చరిత్ర వైపు మొగ్గు ఉన్నవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: గంజాం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కనుక పాత పోలీసు, జైలు రికార్డుల కోసం భువనేశ్వర్‌తో పాటు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో కూడా వెతకాలి.

మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చివర, పాస్‌పోర్టులో ముందు ఉంటే బయలుదేరకముందే సరిచేయించుకోండి.

చివరగా క్షేత్ర పరిశీలన మాట. విశ్వవిద్యాలయపు నైతిక పరిశీలన సంఘం అనుమతి రాకముందు పరిశోధన కోసం ఎవరినీ ఇంటర్వ్యూ చేయకూడదు. ఖైదీలకు ఫెడరల్ నిబంధనల్లో ప్రత్యేక రక్షణలున్నాయి కనుక వారి విషయంలో పరిశీలన మరింత కఠినంగా, ఆలస్యంగా సాగుతుంది. ఒడిశా జైళ్ల శాఖ అనుమతి వేరే తెచ్చుకోవాలి. వేసవి సెలవుల్లో ఇంటికి వెళ్లాలనుకుంటే దరఖాస్తు అంతకుముందు సెమిస్టర్‌లోనే పెట్టండి. అనుమతికి ముందు చేసిన రికార్డింగు ఎంత విలువైనదైనా థీసిస్‌లో వాడుకోనివ్వరు.