జన్యువు కొనబోతే ఇన్ని ప్రశ్నలెందుకు?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతోంది. మిరపకు తెల్లదోమ వల్ల వచ్చే జెమినీ వైరస్ మీద ప్రాజెక్టు కోసం, ఆ వైరస్ పైపొర ప్రొటీన్ జన్యువును తయారుచేసి పంపమని విదేశీ కంపెనీకి ఆర్డరు పెట్టింది. వాళ్లు ఆర్డరును ఆపి, కాలేజీ లెటర్‌హెడ్ మీద గైడు సంతకంతో ఉత్తరం కావాలన్నారు. ప్రైమర్లు తెప్పించుకున్నప్పుడు ఇవేవీ అడగలేదట. చదువుకునే పిల్లల మీద ఇంత అనుమానమా? ఇది ఏ ప్రభుత్వం పెట్టిన నిబంధన?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఆర్డరు ఆగడానికి కారణం చాలావరకు అది వైరస్ జన్యువు కావడమే అయి ఉంటుంది. ఆర్డరు అందగానే కంపెనీ కంప్యూటరు అందులోని డీఎన్‌ఏను సూచించే ఎ, టి, జి, సి అక్షరాల వరుసను జన్యు సమాచార నిధులతో పోల్చి చూస్తుంది. ప్రమాదకరమైన సూక్ష్మజీవికో, విషపదార్థానికో సంబంధించినదేమో అనిపించిన వరుసను నిపుణులు పరిశీలిస్తారు. కొంటున్నవారు ఎవరో, దేనికో కూడా తెలుసుకుంటారు. మిరప వైరస్ మనుషులకు సోకేది కాదు కనుక మామూలుగా ఒక ఉత్తరంతో ఆ సంగతి తేలిపోతుంది. ప్రైమరు ఇరవై పాతిక అక్షరాల డీఎన్‌ఏ ముక్క. తనిఖీ అవసరమయ్యే కనీస పొడవుగా అమెరికా, బ్రిటన్ ప్రభుత్వాలు సూచించిన 50 అక్షరాలకు కూడా అది చేరదు.

ఇంత పట్టింపు ఊరికే రాలేదు. కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, మశూచి వైరస్‌కు దగ్గరి చుట్టమైన గుర్రపు మశూచి వైరస్‌ను, కంపెనీ నుంచి తెప్పించుకున్న డీఎన్‌ఏ ముక్కలను అతికించి తిరిగి సృష్టించినట్లు 2018లో ప్రకటించారు. వారి ఉద్దేశం టీకా పరిశోధనే అయినా, 1980లో ప్రపంచం వదిలించుకున్న మశూచి మళ్లీ ఇదే దారిలో రాదన్న భరోసా ఏమిటన్న చర్చ దానితో ముదిరింది.

ఇక నిబంధన సంగతి. అమెరికా ప్రభుత్వం 2010లో తనిఖీకి 200 అక్షరాలు హద్దుగా మార్గదర్శకాలు ఇచ్చింది. 2023లో వాటిని సవరిస్తూ, 2026 అక్టోబరు నాటికి హద్దును 50కి దించాలని సూచించింది. ప్రభుత్వ నిధులతో పరిశోధన చేసేవారు తనిఖీ చేసే కంపెనీల దగ్గరే కొనాలని 2024లో శ్వేతసౌధం ఒక విధానం తెచ్చింది. దాన్ని సవరించమనో, దాని స్థానంలో కొత్తది తెమ్మనో 2025 మేలో అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. బ్రిటన్ 2024 అక్టోబరులో ఇచ్చినవీ సలహాలే తప్ప చట్టం కాదు. కనుక మీ అమ్మాయిని అడిగిన కంపెనీ చాలావరకు తన బాధ్యతగానే అడిగి ఉంటుంది. లోపమల్లా ఇక్కడే ఉందని నా అభిప్రాయం: అడిగే కంపెనీకి ఖర్చూ ఆలస్యమూ మిగులుతాయి, అడగని కంపెనీకి బేరం దక్కుతుంది. దురుద్దేశం ఉన్నవాడు ఏ గుమ్మం ఎక్కుతాడో వేరే చెప్పాలా?

మన దేశంలో జన్యుమార్పిడి ప్రయోగాలను పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వచ్చిన నియమాలు నియంత్రిస్తాయి; వాటి ప్రకారం అలాంటి ప్రయోగాలు చేసే ప్రతి సంస్థలోనూ బయోసేఫ్టీ (జీవభద్రత) కమిటీ ఉండాలి. ఆ కమిటీ అనుమతి పత్రాన్ని గైడు ఉత్తరంతో జతచేసి, సొంత జీమెయిల్ నుంచి కాక కాలేజీ మెయిల్ నుంచి పంపమనండి. పార్శిలు ఇంటికి కాకుండా ల్యాబు చిరునామాకే తెప్పించుకోమనండి.