పలక నీలమా, పావురాయి రంగా?

ప్రశ్న: మా చెల్లెలి శుభలేఖలకు ‘స్లేట్ బ్లూ’ రంగు కావాలని ఫోన్లో చెబితే, ప్రెస్సువారు ఊదారంగులో అచ్చువేసి ఇచ్చారు. అసలు ఈ పేరుకు అర్థం ఏమిటి? తెలుగులో ఏమనాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: స్లేట్ అంటే మనం బలపంతో అక్షరాలు దిద్దుకున్న పలకేనండి. మార్కాపురం రాతిపలకను తడిగుడ్డతో తుడిచి, అది ఆరుతున్నప్పుడు చూస్తే, నలుపు విరిగి బూడిదరంగులో కాస్త నీలం కలిసినట్టు కనిపిస్తుంది. పేరు ఆ రాతి ఛాయను బట్టి వచ్చిందే. చిక్కంతా కంప్యూటర్ తెచ్చింది. వెబ్ రంగుల పట్టికలో ‘స్లేట్ బ్లూ’ అంటే ఎరుపు 106, ఆకుపచ్చ 90, నీలం 205 పాళ్లలో కలిసిన రంగు. అది ఊదాకు దగ్గర. మీరు కోరినది బహుశా ‘స్లేట్ గ్రే’, అంటే 112, 128, 144. కనుక ప్రెస్సువారిని పూర్తిగా తప్పుపట్టలేం.

తెలుగులో ఈ పలక ఛాయను పావురాయి రంగు అనడమే నాకు ఇష్టం. గ్రాంథికంగా కపోతవర్ణం అనవచ్చు. కొందరు ధూమ్రవర్ణం అంటారు గానీ, అమరకోశం ధూమ్రాన్ని కృష్ణలోహితమంటుంది, అంటే నలుపూ ఎరుపూ కలిసినది, కాబట్టి అది ఇక్కడ పొసగదు. ముసురు పట్టిన రోజున రామకృష్ణా బీచ్‌లో నిలబడితే, సముద్రానికీ మబ్బుకూ మధ్య గీత చెరిగిపోయిన చోట కనిపించేది సరిగ్గా ఈ రంగే. ఈసారి పేరుతో పాటు అంకెలు కూడా రాసిచ్చి, కాగితంపై నమూనా చూశాకే అచ్చుకు ఒప్పుకోండి.